ఈ అంకె ఎవరిది? రాజనీతి శాస్త్ర పరిశోధనలో గణాంక పద్ధతులు

1. పరిచయం

రాజనీతి శాస్త్రం తీసుకున్న విద్యార్థుల్లో చాలామంది లెక్కలు తప్పించుకోవడానికే ఇటు వచ్చామని కాంటాక్ట్ తరగతుల్లో నాతో దాపరికం లేకుండా చెప్పేవారు. ప్లేటో దగ్గర, రాజ్యాంగ అధికరణల దగ్గర హుషారుగా ఉండేవారు గణాంక పద్ధతుల యూనిట్ రాగానే పుస్తకం మూసేసేవారు. మీరూ అలాంటివారే అయితే ముందే ఒక మాట చెబుతాను. ఈ పాఠానికి కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, వర్గమూలం చాలు. వర్గమూలం మరచిపోయినా ఫోనులో ఉన్న కాలిక్యులేటర్ చెబుతుంది. అసలు కష్టం లెక్క చేయడంలో లేదు. చేతిలో ఉన్న అంకె ఎవరి గురించి చెబుతోందో, ఎవరి గురించి చెప్పడం లేదో గుర్తించడంలో ఉంది. ఆ పని చేయలేక పెద్ద పెద్ద సంస్థలే బోర్లా పడ్డాయి. నేనూ పడ్డాను.

1989 నవంబరులో శాసనసభ ఎన్నికల ముందు, పరిశోధక విద్యార్థిగా ఒక మండల కేంద్రంలో సర్వే చేశాను. ప్రశ్నావళి బాగానే తయారు చేసుకున్నాను. వారం రోజులపాటు బస్టాండు ఎదుట ఉన్న టీ హోటల్లో కూర్చుని, వచ్చినవారిని వచ్చినట్టు రెండు వందల మందిని అడిగాను. శాతాలు కట్టి, పట్టికలు గీసి, ఆ నియోజకవర్గంలో ఎవరు గెలుస్తారో తేల్చేశాను. ఫలితం తలకిందులైంది. కాగితాలు పట్టుకుని మా పర్యవేక్షకుల దగ్గరకు వెళితే ఆయన లెక్కలు చూడనే లేదు. "ఈ రెండు వందల మందిలో ఆడవాళ్లు ఎందరు?" అని అడిగారు. తొమ్మిది మంది. "ఇప్పుడు వరి కోతలు కదా, కోతకు పోయినవాళ్లు పగటిపూట నీ టీ హోటలుకు ఎలా వస్తారు?" నా దగ్గర సమాధానం లేదు. నా శాతాలలో తప్పు లేదు. అవి టీ హోటల్లో కూర్చునే తీరిక ఉన్న మగవాళ్ల శాతాలు. వాటిని నేను నియోజకవర్గానికి అంటగట్టాను.

2. మెతుకు పట్టి చూడడం

పరిశోధకుడు ఎవరి గురించి తెలుసుకోదలచాడో ఆ మొత్తాన్ని సమగ్రం అంటారు. ఒక నియోజకవర్గంలోని ఓటర్లందరూ ఒక సమగ్రం. ఒక రాష్ట్రంలోని మహిళా సర్పంచులందరూ మరొక సమగ్రం. అందరినీ అడగడం సాధ్యం కానప్పుడు కొందరిని ఎంచుకుంటాం. ఆ కొందరు ప్రతిరూపం, ఎంచుకునే పద్ధతి ప్రతిచయనం. వ్యవహారంలో శాంపిల్, శాంప్లింగ్ అనే మాటలే ఎక్కువ వినిపిస్తాయి. పరీక్షలో ఏది రాసినా ఒకటే.

దీనికి మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న ఉదాహరణే మంచిది. అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి కుండెడు మెతుకులూ పట్టి చూడనక్కరలేదు, ఒక మెతుకు చాలు. ఈ మాట ప్రతిచయనం మొత్తాన్నీ చెబుతున్నట్టు ఉంటుంది గానీ, వంట చేసేవారికి తెలిసిన ఒక షరతు ఇందులో దాగి ఉంది. పైన మెతుకు పలుకుగా ఉండి అడుగున అన్నం మాడి ఉండవచ్చు. అందుకే గరిటె పెట్టి అడుగునుంచి కలిపి, అప్పుడు చూస్తారు. బాగా కలిపిన సాంబారు అయితే ఇంట్లో చిన్న గిన్నెలోదైనా, పెళ్లిలో పెద్ద గుండిగలోదైనా ఉప్పు చూడటానికి ఒకే గరిటె సరిపోతుంది. గుండిగ పెద్దదని బకెట్టు సాంబారు తాగి చూడరు. మూడు లక్షల ఓటర్లున్న నియోజకవర్గానికి, మూడు కోట్ల ఓటర్లున్న రాష్ట్రానికి దాదాపు ఒకే పరిమాణంలో శాంపిల్ ఎలా సరిపోతుందని విద్యార్థులు తరచు అడుగుతారు. ఇదే దానికి జవాబు. కలపకపోతే మాత్రం బకెట్టు తాగినా ప్రయోజనం లేదు.

కలపకుండా బకెట్టు తాగిన కథ 1936లో అమెరికాలో జరిగింది. లిటరరీ డైజెస్ట్ అనే ప్రసిద్ధ వారపత్రిక ఆ ఏడాది అధ్యక్ష ఎన్నికలకు ముందు సుమారు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది. దాదాపు 24 లక్షలు తిరిగి వచ్చాయి. వాటిని లెక్కపెట్టి, రిపబ్లికన్ అభ్యర్థి లాండన్‌కు సుమారు 57 శాతం ఓట్లు వస్తాయని ప్రకటించింది. ఎన్నికలో రూజ్‌వెల్ట్‌కు దాదాపు 61 శాతం ఓట్లు వచ్చాయి. లాండన్ గెలిచినవి రెండే రాష్ట్రాలు, మెయిన్, వెర్మాంట్. అదే సమయంలో జార్జ్ గాలప్ అనే యువకుడు అంతకంటే ఎన్నో రెట్లు చిన్న శాంపిల్‌తో రూజ్‌వెల్ట్ గెలుస్తాడని చెప్పాడు. అతని అంచనా కూడా అసలు శాతానికి అయిదు పాయింట్లు తక్కువే, కానీ విజేత విషయంలో తప్పలేదు.

పత్రిక ఎక్కడ పొరబడింది? ముఖ్యంగా టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కారు యజమానుల జాబితాల నుంచి పేర్లు తీసుకుంది. అది మహా మాంద్యం నడుస్తున్న కాలం. ఫోను, కారు ఉన్నవారు ఒక వర్గం. ఉద్యోగం పోయి రూజ్‌వెల్ట్ సహాయ పథకాల మీద ఆధారపడినవారు మరొక వర్గం. ఇది ఒక తప్పు. దీనికంటే తక్కువగా చెప్పుకునే రెండో తప్పు నా దృష్టిలో మరింత ముఖ్యమైనది. పంపిన కోటిలో మూడు వంతులకు పైగా తిరిగి రాలేదు. పనిగట్టుకుని బ్యాలెట్ నింపి తపాలాలో వేసినవారు, వేయనివారు ఒకలాంటివారు కారు. ప్రభుత్వం మీద కోపం ఉన్నవారికే కలం పట్టే ఓపిక ఎక్కువ. ఆ పత్రిక 1938లో మూతపడింది.

3. చీటీ తీసే పద్ధతి

కలపడం అంటే ఏమిటి? సమగ్రంలోని ప్రతి ఒక్కరికీ ఎంపికయ్యే అవకాశం ఉండాలి, ఆ అవకాశం ఎంతో మనకు తెలిసి ఉండాలి, ఎంపికలో మన ఇష్టాయిష్టాలకు చోటు ఉండకూడదు. దీనిని యాదృచ్ఛిక ప్రతిచయనం అంటారు. యాదృచ్ఛికం అంటే ఎలా పడితే అలా అని అర్థం కాదు. నేను టీ హోటల్లో చేసింది ఎలా పడితే అలా. యాదృచ్ఛికం అందుకు పూర్తిగా వ్యతిరేకం. అది ఎంతో క్రమశిక్షణతో చేయవలసిన పని.

మన దేశంలో దీనికి ఓటర్ల జాబితా మంచి ఆధారం. ఒక పోలింగ్ కేంద్రం పరిధిలో 960 మంది ఓటర్లు ఉన్నారనుకోండి. మీకు 40 మంది కావాలి. 960ని 40తో భాగిస్తే 24. ఒకటి నుంచి 24 వరకు చీటీలు రాసి ఒకటి తీయండి. 7 వచ్చిందనుకుందాం. జాబితాలో 7వ పేరు, దానికి 24 కలిపితే 31వ పేరు, తరువాత 55, 79. ఇలా పోతే 40వ వ్యక్తి క్రమసంఖ్య 943 అవుతుంది. ఇది క్రమబద్ధ యాదృచ్ఛిక ప్రతిచయనం. ఢిల్లీలోని సి.ఎస్.డి.ఎస్. సంస్థకు చెందిన లోక్‌నీతి బృందం తన జాతీయ ఎన్నికల అధ్యయనాలలో ఓటర్లను ఇలాగే ఓటర్ల జాబితా నుంచి ఎంపిక చేస్తుంది.

కాగితం మీద ఇది సులువు. కష్టం వీధిలోకి వెళ్లాక మొదలవుతుంది. 31వ పేరు గల వ్యక్తి కూలి పనికి హైదరాబాదు వెళ్లాడంటారు. పక్కింటాయన అరుగు మీద ఖాళీగా కూర్చుని ఉంటాడు, అడిగితే సంతోషంగా చెబుతాడు. ఆయనను అడిగారంటే మీరు మళ్లీ టీ హోటలుకు వచ్చినట్టే. వలస వెళ్లినవారి అభిప్రాయం ఊళ్లో మిగిలినవారి అభిప్రాయం లాగే ఉంటుందని ఏమిటి నమ్మకం? మరొకసారి వెళ్లండి, సాయంత్రం వెళ్లండి. చివరకు దొరకకపోతే దొరకలేదని నమోదు చేయండి. ఎందరు దొరకలేదో నివేదికలో రాయండి. 55వ పేరు ఒక మహిళది అనుకోండి. గుమ్మంలో ఆమె భర్త అడ్డుపడి "దాన్ని అడిగేదేముంది, మా ఇంట్లో ఓట్లన్నీ నేను చెప్పినట్టే, రాసుకోండి" అంటాడు. ఈ మాట నేను మూడు జిల్లాల్లో విన్నాను. రాసుకోకండి. ఆమెతో విడిగా మాట్లాడే వీలు చూసుకోండి. తోడుగా ఒక మహిళా విద్యార్థి ఉంటే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. గణాంక పద్ధతుల పుస్తకాలలో ఈ సంగతులు సూత్రాలుగా కనిపించవు. కానీ మీ అంకె మంచి చెడ్డలు ఇక్కడే తేలిపోతాయి.

4. ఎంత తేడాకు సిద్ధపడాలి?

సక్రమంగా తీసిన శాంపిల్ కూడా సమగ్రానికి అచ్చు ప్రతి కాదు. చీటీలు మళ్లీ తీస్తే వేరే నలభై మంది వస్తారు, శాతం కొంత మారుతుంది. ఈ మార్పు ఎంత ఉండవచ్చో చెప్పేదే దోష పరిమితి. దీనికి ఒక చేతి లెక్క ఉంది. ఒకటిని శాంపిల్ సంఖ్య వర్గమూలంతో భాగించండి. 400 మంది అయితే వర్గమూలం 20, ఒకటిని 20తో భాగిస్తే 0.05, అంటే అటూ ఇటూ 5 శాతం పాయింట్లు. 1,000 మంది అయితే సుమారు 3 పాయింట్లు. 10,000 మంది అయితే 1 పాయింటు. తేడాను సగానికి తగ్గించాలంటే మనుషులను నాలుగు రెట్లు పెంచాలని గమనించండి. సర్వే సంస్థలు లక్షల మంది జోలికి పోకుండా కొన్ని వేల దగ్గర ఆగిపోవడానికి కారణం ఈ ఖర్చే.

ఒక పార్టీకి 44 శాతం, మరో పార్టీకి 42 శాతం అని వెయ్యి మంది సర్వే చెబితే, మొదటి పార్టీ ముందుందని అనలేం. అదే సర్వేలో "తొలిసారి ఓటు వేసే యువతలో" అంటూ మరో శాతం ఇస్తే ఇంకా జాగ్రత్త పడాలి. వెయ్యిలో అలాంటివారు వంద మంది ఉంటే ఆ శాతానికి తేడా 3 పాయింట్లు కాదు, 10. పత్రికల్లో శీర్షికలకు ఎక్కేవి ఎక్కువగా ఇలాంటి చిన్న ముక్కలే.

ఈ లెక్కను లిటరరీ డైజెస్ట్‌కు వర్తింపజేయండి. 24 లక్షలకు వర్గమూలం సుమారు 1,549. తేడా పదోవంతు పాయింటు కూడా రాదు. జరిగిన పొరపాటు పద్దెనిమిది పాయింట్ల దాకా ఉంది. కాబట్టి దోష పరిమితి చీటీ తీయడంలో వచ్చే హెచ్చుతగ్గులను మాత్రమే కొలుస్తుంది. జాబితా తప్పయితే, జనం సమాధానం ఇవ్వకపోతే, భయపడి అబద్ధం చెబితే దానికి తెలియదు. సూత్రం అడిగిన దానికే జవాబు ఇస్తుంది.

5. తేడా నిజమా, కాకతాళీయమా?

పరిశోధనలో తరచు రెండు వర్గాలను పోల్చవలసి వస్తుంది. ఒక మండలంలో యాదృచ్ఛికంగా ఎంపిక చేసిన 80 మంది మహిళలను, 80 మంది పురుషులను గత ఏడాది గ్రామసభకు వెళ్లారా అని అడిగామనుకుందాం. ఇది ఊహాత్మక ఉదాహరణ. మహిళల్లో 24 మంది, పురుషుల్లో 40 మంది వెళ్లామన్నారు. అంటే 30 శాతం, 50 శాతం. ఈ తేడా మండలమంతటా ఉందా, లేక మన చీటీల వల్ల వచ్చిందా?

వాదన ఇలా సాగుతుంది. స్త్రీ పురుషుల మధ్య తేడా ఏమీ లేదని ముందుగా అనుకుంటాం. దీనిని శూన్య పరికల్పన అంటారు. మొత్తం 160 మందిలో 64 మంది వెళ్లారు కనుక, తేడా లేకపోతే ఒక్కో వర్గంలో 32 మంది వెళ్లి, 48 మంది వెళ్లకుండా ఉండాలి. మనం చూసిన దానికీ ఉండవలసిన దానికీ తేడా నాలుగు గళ్లలోనూ 8. దాని వర్గం 64. ఉండవలసిన సంఖ్యతో భాగించండి. 64ను 32తో భాగిస్తే 2, అలాంటివి రెండు. 64ను 48తో భాగిస్తే 1.33, అలాంటివి రెండు. మొత్తం 6.67. ఇదే కై వర్గం విలువ. రెండు వరుసలు, రెండు నిలువుల పట్టికకు 5 శాతం సార్థకతా స్థాయిలో హద్దు 3.84. మన విలువ దానిని దాటింది కనుక శూన్య పరికల్పనను తిరస్కరిస్తాం.

ఇప్పుడు అదే లెక్కను 40 మంది మహిళలు, 40 మంది పురుషులతో చేయండి. 12 మంది, 20 మంది వెళ్లారు. శాతాలు అవే 30, 50. కై వర్గం 3.33 మాత్రమే, హద్దు దాటలేదు. ఇక్కడ విద్యార్థులు "తేడా లేదని రుజువైంది" అని రాస్తారు. నేను ఎన్ని జవాబు పత్రాల్లో దీనికి మార్కులు తీసేశానో లెక్కలేదు. తేడా లేదని రుజువు కాలేదు. తేడా ఉందనడానికి ఈ 80 మంది చాలలేదు, అంతే. అదే విధంగా సార్థకం అని తేలిన ప్రతి తేడా పెద్దదీ కాదు. వేల మందిని అడిగితే రెండు మూడు పాయింట్ల తేడా కూడా సార్థకంగా తేలుతుంది. రాజకీయంగా దానికి విలువ ఉందో లేదో కై వర్గం చెప్పదు, మీరు చెప్పాలి.

6. ఊరి లెక్క, మనిషి లెక్క

ఇంటింటికీ తిరిగే స్తోమత లేని విద్యార్థికి ఎన్నికల సంఘం గణాంకాలు వరం లాంటివి. ఫారం 20లో ప్రతి పోలింగ్ కేంద్రంలో ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లు వచ్చాయో ఉంటుంది. జనగణన పుస్తకాల్లో గ్రామాల వారీగా సామాజిక వర్గాలు, అక్షరాస్యత ఉంటాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఒక వర్గం ఎక్కువగా ఉన్న చోట ఒక పార్టీకి ఎక్కువ ఓట్లు వచ్చాయి కనుక ఆ వర్గం ఆ పార్టీకి ఓటు వేసిందని రాసేస్తారు. టీవీ చర్చల్లో ప్రతి ఫలితాల రోజూ ఇదే వినిపిస్తుంది.

ఒక చిన్న లెక్క చూడండి. రెండు పోలింగ్ కేంద్రాలు, ఒక్కోదానిలో వెయ్యి మంది, అందరూ ఓటు వేశారు. మొదటిదానిలో ఒక వర్గం వారు 200 మంది, పార్టీకి 300 ఓట్లు. రెండవదానిలో ఆ వర్గం 500 మంది, పార్టీకి 500 ఓట్లు. వర్గం పెరిగిన చోట ఓట్లు పెరిగాయి. అయినా ఆ వర్గంలో ఒక్కరు కూడా ఆ పార్టీకి వేయకుండా ఇలా జరగవచ్చు. మొదటి కేంద్రంలో మిగతా 800 మందిలో 300 మంది, రెండవ కేంద్రంలో మిగతా 500 మంది మొత్తం ఆ పార్టీకి వేసి ఉంటే సరి. ఒక వర్గం సంఖ్య పెరిగిన ఊళ్లలో ఇతరులు జట్టుకట్టడం మన రాజకీయాలు తెలిసినవారికి కొత్త కాదు. జరిగింది అదేనని నేను అనడం లేదు. ఈ అంకెలు చూసి ఏది జరిగిందో తేల్చలేమని అంటున్నాను. మన బ్యాలెట్ రహస్యమైనది.

ఈ పొరపాటును 1950లో డబ్ల్యు. ఎస్. రాబిన్‌సన్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త స్పష్టంగా చూపించాడు. 1930 నాటి అమెరికా జనగణనను తీసుకుని, విదేశాల్లో పుట్టినవారి శాతానికీ నిరక్షరాస్యతకూ మధ్య సహసంబంధం లెక్కించాడు. సహసంబంధ గుణకం మైనస్ ఒకటి నుంచి ప్లస్ ఒకటి వరకు ఉంటుంది. సున్నా అంటే సరళరేఖలో చూపగల సంబంధం లేదని. రాష్ట్రాల వారీగా చూస్తే అది సుమారు మైనస్ 0.53. అంటే వలస వచ్చినవారు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో నిరక్షరాస్యత తక్కువ. వ్యక్తుల వారీగా చూస్తే ప్లస్ 0.12. అంటే వలస వచ్చినవారిలోనే నిరక్షరాస్యత కొంచెం ఎక్కువ. వారు ఎక్కువగా స్థిరపడింది స్థానికులు బాగా చదువుకున్న రాష్ట్రాల్లో కావడం వల్ల గుర్తే తారుమారైంది. ప్రాంతం అంకెను వ్యక్తికి అంటగట్టే ఈ తప్పును పర్యావరణ దోషం అనే పేరుతో పుస్తకాల్లో చూస్తారు. ఆ పేరుకూ చెట్లకూ నదులకూ సంబంధం లేదు.

ఫారం 20 పనికిరాదని దీని అర్థం కాదు. ఊళ్ల గురించి ప్రశ్న అడిగితే ఊళ్ల అంకె సరైన జవాబు ఇస్తుంది. ఏ కేంద్రాల్లో పోలింగ్ శాతం తగ్గింది, ఏ మండలంలో పార్టీ బలం కూడుకుని ఉంది అనే ప్రశ్నలకు దానిని మించిన ఆధారం లేదు.

7. ఓట్లు, సీట్లు, సగటులు

ఓట్ల శాతం నుంచి సీట్లకు దూకడంలో మరో గుంట ఉంది. ఆంధ్రప్రదేశ్ శాసనసభకు 2019లో తెలుగుదేశం పార్టీ సుమారు 39 శాతం ఓట్లతో 175లో 23 స్థానాలు గెలిచింది. 2024లో వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ పార్టీకి కూడా సుమారు 39 శాతమే వచ్చింది, స్థానాలు 11. అదే పార్టీ 2019లో దాదాపు 50 శాతం ఓట్లతో 151 గెలిచింది. ఎదుటి ఓటు ఎన్ని ముక్కలైంది, పొత్తులు ఎవరితో, ఓట్లు ఎక్కడ పోగుపడ్డాయి అనేవి తెలియకుండా 39 శాతం అంటే ఎన్ని సీట్లో చెప్పే సూత్రం ఏదీ లేదు. 2024 లోక్‌సభ ఎన్నికలప్పుడు అనేక ఎగ్జిట్ పోల్స్ ఎన్.డి.ఏ.కు 350కి పైగా స్థానాలు ఇచ్చాయి, వచ్చినవి 293. ఓట్ల అంచనాలో చిన్న పొరపాటు సీట్ల దగ్గరకు వచ్చేసరికి ఎన్నో రెట్లు అవుతుంది.

సగటు గురించి ఒక్క మాట చెప్పి ముగిస్తాను. అభ్యర్థులు నామినేషన్‌తో పాటు ఇచ్చే ఆస్తుల అఫిడవిట్లు పరిశోధనకు మంచి ఆధారం. అయిదుగురి ఆస్తులు 20 లక్షలు, 30 లక్షలు, 40 లక్షలు, 60 లక్షలు, 100 కోట్లు అనుకోండి. సగటు 20 కోట్ల 30 లక్షలు. ఆ అయిదుగురిలో ఆ సగటుకు దగ్గరగా ఉన్నవారు ఒక్కరూ లేరు. వరుసలో మధ్యన ఉన్న విలువ, అంటే మధ్యగతం, 40 లక్షలు. ఆస్తి, ఆదాయం, ఎన్నికల ఖర్చు వంటి వాటికి మధ్యగతం తప్పక ఇవ్వండి.

ఈ శాస్త్రం మనది కాదని జంకేవారు ఒకటి తెలుసుకోవాలి. కలకత్తాలో మహలనోబిస్ 1931లో స్థాపించిన భారతీయ గణాంక సంస్థ ప్రతిచయన సర్వేలకు ప్రపంచానికే దారి చూపింది. మన జాతీయ నమూనా సర్వే 1950లో ఆయన చొరవతోనే మొదలైంది. ఆ సంస్థలో చేరి ప్రపంచ ఖ్యాతి పొందిన సి. ఆర్. రావు తెలుగువారు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివినవారు.

స్వయం అభ్యాసం

ఒక టీవీ ఛానల్ తెర మీద ఫోన్ నంబరు చూపి, కొత్త జిల్లాల ఏర్పాటును సమర్థిస్తారా అని అడిగింది. లక్ష మంది ఫోన్ చేశారు, 62 శాతం అవునన్నారు అనుకోండి. చేతి లెక్క ప్రకారం దోష పరిమితి ఎంతో కట్టండి. తరువాత, ఆ సంఖ్యను మీ నివేదికలో ఎందుకు రాయకూడదో అయిదు వాక్యాల్లో వివరించండి. ఆ 62 శాతం ఎవరిదో మీ జవాబులో స్పష్టంగా ఉండాలి. తడబడితే ఈ పాఠంలోని రెండవ, నాలుగవ భాగాలు మళ్లీ చదివి రాయండి.